చివరి పేరా

2020 ఏప్రిల్ 22 సాయంత్రం. లాక్‌డౌన్ రోజులు. బస్సులు లేవు. శబరి ఒడ్డున ఉన్న మా ఊళ్ళకు పేపరు కట్టలు రావడం ఆగిపోయి చాలా రోజులైంది. సిగ్నల్ కోసం గుట్ట ఎక్కిన తమ్ముడొకడు ఉరుకుతూ దిగివచ్చి, "అన్నా, మన ఉద్యోగాలు పోయినయంట" అన్నాడు. వాడి ఫోన్‌లో టీవీ తెర ఫొటో ఒకటి ఉంది. ఏజెన్సీలో వంద శాతం రిజర్వేషన్ చెల్లదని సుప్రీంకోర్టు చెప్పిందన్నది వార్త. దాని కింద ఎవరో సొంతంగా ఒక ముక్క చేర్చారు: జీవో 3 టీచర్లు ఇక ఇంటికే అని.

మేము జీవో 3 టీచర్లం. షెడ్యూల్డ్ ప్రాంతాల బడుల్లో టీచరు పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే ఇవ్వాలని 2000 జనవరి 10న వచ్చిన ఉత్తర్వు అది. రెండేళ్ళు టీచరు ట్రైనింగు చదివి బయటికి వచ్చిన మా ఈడువాళ్ళం ఆ దారినే బడుల్లోకి వచ్చాం. బడికి వచ్చిన మొదటి రోజు ఏడుస్తున్న కోయ పిల్లను కోయలోనే ఊరుకోబెట్టగల పంతులు మా ఊళ్ళలో చాలా బడులకు అప్పుడే దొరికాడు. ఆ రాత్రి మా ఇళ్ళల్లో ఎవరికీ అన్నం సయించలేదు. ఇంటి మీద అప్పు ఉన్నవాళ్ళున్నారు, పిల్లల్ని పట్నంలో చదివిస్తున్నవాళ్ళున్నారు. పొద్దునకల్లా ఊరి పెద్దలు కూడా వచ్చి, "మిమ్మల్ని తీసేస్తే బడి మూసేస్తారా?" అని అడిగారు. మా దగ్గర జవాబు లేదు.

తీర్పు కాగితం మా ఫోన్లలోకి రావడానికి రెండు రోజులు పట్టింది. లా చదువుతున్న మా మేనల్లుడు పంపాడు. అంతా ఇంగ్లీషు. నలుగురం డిక్షనరీ పెట్టుకుని చింతచెట్టు కింద దూరం దూరంగా కూర్చున్నాం. ముందు పేజీల్లో మాకు దారి తెన్ను తెలియలేదు. మాకు కావలసింది చివర్లో ఉంది. వంద శాతం రిజర్వేషన్ రాజ్యాంగానికి విరుద్ధం. కానీ ఇప్పటివరకు జరిగిన నియామకాల జోలికి పోవడం లేదు. రెండు రాష్ట్రాలూ ఇకముందు ఇట్లా పరిమితి దాటకూడదు, దాటితే పాత నియామకాలకు కూడా రక్షణ ఉండదు. ఇదీ అక్కడున్నది. రెండు ప్రభుత్వాలూ కలిసి 5 లక్షల రూపాయల ఖర్చులు కట్టాలని కూడా ఉంది.

ఇక్కడ ఒక సంగతి గమనించండి. టీవీలో వచ్చిన మొదటి మాట అబద్ధం కాదు. చెల్లదన్నారు, నిజమే. అయినా ఆ మాట వల్ల రెండు రాత్రులు మాకు నిద్ర లేదు. వార్తలో తప్పు లేకపోయినా వార్త తప్పుదారి పట్టించగలదని మాకు అప్పుడు తెలిసింది. అంతకుముందు తెలియదా అంటే తెలుసు. ఇతరుల సంగతిలో తెలుసు.

తర్వాత పేపర్లు వచ్చాయి. ఒక పేపరు మాకు ధైర్యం చెప్పింది: ఇప్పుడున్న ఉద్యోగాలకు ఢోకా లేదని. ఆ ముక్క కత్తిరించి దాచుకున్నవాళ్ళు మాలో ఉన్నారు. కొన్నాళ్ళకు, డీఎడ్ చదువుతున్న మా పాత విద్యార్థిని ఒకమ్మాయి ఆ ముక్క చూసి, "మీకు ఢోకా లేదు సార్, మరి మాకు?" అన్నది. ఆ వార్త రాసినతను ఆ పిల్లను అడగలేదు. ఆ మాటకు వస్తే మేమూ అడగలేదు. రెండు పార్టీల నాయకులు ఒకరినొకరు తిట్టుకున్నది మాత్రం పెద్ద అక్షరాల్లో ఉంది: వీళ్ళు కోర్టులో సరిగా వాదించలేదని వాళ్ళు, వాళ్ళ హయాంలోనే అంతా పాడైందని వీళ్ళు. ఏజెన్సీలో ఎన్ని పోస్టులు ఖాళీగా ఉన్నాయి, ఎంతమంది చదువుతున్నారు, ఇకముందు వాళ్ళ వాటా ఎంత అన్న లెక్క ఎక్కడా కనపడలేదు.

ఇంకొక సంగతి చెప్పడానికి మాకు కొంచెం కష్టంగానే ఉంది. కోర్టుకు పోయినవాళ్ళు ఎవరని మేము చాలా రోజులు చూడలేదు. "మనమంటే గిట్టనివాళ్ళు" అనుకుని వదిలేశాం. తీర్పు చదువుతుంటే జీవోలోని ఒక షరతు కంటపడింది. స్థానికుడు అనిపించుకోవాలంటే ఆ మనిషిగానీ తల్లిదండ్రులుగానీ 1950 జనవరి 26 నుంచి షెడ్యూల్డ్ ప్రాంతంలోనే ఉంటూ ఉండాలి. ఆ గీత అవతల పడింది ఏజెన్సీలో ఉంటున్న దళిత కుటుంబాలూ, ఇతర పేదలే కాదు. ఆ తేదీ తర్వాత వచ్చి స్థిరపడ్డ గిరిజనులు కూడా దాని అవతలే పడ్డారు. న్యాయమూర్తులు దాన్నీ తప్పుపట్టారు. తీర్పుతో మాకు ఇప్పటికీ సమ్మతి లేదు. ఐదో షెడ్యూలు ఉన్నది దేనికి అన్న ప్రశ్న మాలో అలాగే ఉంది. కానీ మాకు నచ్చిన పేపరు ఆ షరతు ఊసెత్తలేదని, మేము కూడా అది రాయకపోవడమే బాగుందనుకున్నామని ఒప్పుకోవాలి. పేపరు పక్షపాతం గురించి మాట్లాడేటప్పుడు చదివేవాళ్ళ పక్షపాతాన్ని పక్కన పెడితే ఎట్లా?

ఇక డబ్బు వార్తల సంగతి. మా మండలాలు పోలవరం ముంపులో ఉన్నాయి. 2014లో మమ్మల్ని ఖమ్మం జిల్లా నుంచి తీసి తూర్పు గోదావరిలో కలిపారు. 2022లో అల్లూరి సీతారామరాజు జిల్లా అయ్యాం. దాంతో పాటే మాకు వచ్చే జిల్లా పేజీలూ మారాయి. మొదట ఖమ్మం పేజీలు, తర్వాత కాకినాడ వైపు వార్తలు, ఆ తర్వాత కొండలు దాటి ఎక్కడో ఉన్న పాడేరు వార్తలు. భద్రాచలం మాకు కూతవేటు దూరం, మా ఆసుపత్రి, మా సంత, మా చుట్టరికాలు అక్కడే. ఆ వార్తలు మాత్రం వేరే రాష్ట్రం పేజీల్లో ఉంటాయి. జిల్లా పేజీలు రావడం మంచిదేనని మా చిన్నప్పుడు సంబరపడ్డాం, ఊరి పేరు పేపర్లో కనపడిందని. దాని రెండో వైపు తర్వాత తెలిసింది. మా కష్టం మా జిల్లా పేజీలోనే అచ్చవుతుంది, మేమే చదువుకుంటాం. అమరావతిలో, హైదరాబాదులో నిర్ణయాలు చేసేవాళ్ళ చేతికి వచ్చే పేపర్లో అది ఉండదు.

పోలవరం మాత్రం అన్ని పేజీల్లోనూ ఉంటుంది. ఎట్లా ఉంటుందో చూడండి. ఇన్ని శాతం పని పూర్తయింది, ఇన్ని గేట్లు బిగించారు అని ఉంటుంది. 2019 జనవరిలో 24 గంటల్లో 32 వేల ఘనపు మీటర్లకు పైగా కాంక్రీటు పోసి గిన్నిస్ రికార్డు కొట్టారని పేపర్లన్నీ రాశాయి. సరిగ్గా తర్వాతి నెలలో, 2017-18 ధరల ప్రకారం ప్రాజెక్టు అంచనాను కేంద్రంలోని సాంకేతిక సలహా కమిటీ ఆమోదించింది. మొత్తం 55,548 కోట్లు. అందులో భూసేకరణకూ పునరావాసానికీ 33,168 కోట్లు. మా ఐదో తరగతి పిల్లలకు ఈ రెండు అంకెలూ ఇచ్చి, "సగం కంటే ఎక్కువా, తక్కువా?" అని అడిగాం. ఎక్కువ అన్నారు. "మరి ఈ డబ్బు దేనికి?" అంటే ఒకడు "డ్యామ్‌కు" అన్నాడు. వాడి తప్పు కాదు. పేపర్లో ఎప్పుడూ డ్యామ్ ఫొటోయే కదా వేసేది. ఖర్చులో సగానికి పైగా మనుషుల కోసం అయినప్పుడు, పని ఎంత అయిందో కాంక్రీటుతో కొలిచి చెప్తే అది సగం లెక్కే. లక్షకు పైగా కుటుంబాలు కదలాలి. వాళ్ళలో ఎంతమందికి ఇల్లు వచ్చింది, భూమికి భూమి వచ్చింది, ఏ కాంటూరు దాకా ఎవరిని లెక్కలోకి తీసుకున్నారు అన్నది శాతాల్లో పెట్టి మొదటి పేజీలో వేసిన రోజు మాకు గుర్తులేదు. పార్టీ మారితే శాతం మారుతుంది. ఒక పేపర్లో పరుగులు పెట్టిన పనే అదే రోజు ఇంకో పేపర్లో పడకేస్తుంది. ఆ పేపర్ల పేర్లు చెప్పక్కరలేదు, మీకు తెలిసినవే.

ఎన్నికల ముందు ఈ తేడా ఇంకా ముదురుతుంది. డబ్బు తీసుకుని ప్రచారాన్ని వార్తగా అచ్చువేసే సంగతి మీద 2009లో ప్రెస్ కౌన్సిల్ ఒక ఉపసంఘం వేసింది. అందులో ఉన్నది ఇద్దరే, ఒకరు పరంజయ్ గుహ ఠాకుర్తా, రెండోవారు మన తెలుగు పాత్రికేయుడు కె. శ్రీనివాస రెడ్డి. వాళ్ళు పేర్లతో సహా రాసిన పూర్తి నివేదిక వెంటనే బయటికి రాలేదు. సమాచార హక్కు చట్టం కింద అడిగితే 2011లో బయటపెట్టారు. వార్తల గురించిన వార్తకే అన్ని తిప్పలు.

2022 జూలై వరదల్లో మరో రకం లెక్క చూశాం. భద్రాచలం దగ్గర 43 అడుగులకు మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. జూలై 16న 71.3 అడుగులకు పోయింది. 1986లో 75.6 వచ్చిందనీ, మళ్ళీ అంత దగ్గరికి వచ్చిందనీ టీవీలు గంటగంటకూ అంకె చెప్పాయి. అంకె సరైనదే. కానీ గోదావరి ఎగదన్నితే శబరి వెనక్కి మళ్ళుతుంది, మా వాగుల దారులు మొదటి హెచ్చరిక రాకముందే మునుగుతాయి. టీవీలో "ఇంకా ప్రమాదం లేదు" అంటున్న వేళకు మేము పిల్లల్నీ మేకల్నీ గుట్ట మీదికి చేరుస్తూ ఉన్నాం. మా పెద్దాయన ఒకాయన కోయలో అన్నదానికి తెలుగులో అర్థం ఇది: "వాళ్ళు గోదావరిని గుడి మెట్ల దగ్గర కొలుస్తారు, మనం గడప దగ్గర కొలుస్తాం."

మా గురించి వచ్చే వార్తల్లో కొన్ని మాటలు అరిగిపోయాయి. అమాయక గిరిజనులు, అడవి బిడ్డలు, అంతుచిక్కని జ్వరాలు. మలేరియాకు అంతుచిక్కనిదేముంది? రక్తం పరీక్ష చేస్తే చిక్కుతుంది. చేయడానికి మనిషి లేడని రాయాలి. డోలీ మోసే ఫొటో ఏటా వస్తుంది. ఆ రోడ్డు ఎప్పుడు మంజూరైంది, ఎవరి దగ్గర ఆగింది, అటవీ అనుమతికి ఎవరు రాయలేదు అన్నది రాదు. జాలి కలుగుతుంది, ఎవరినీ అడగాల్సిన పని ఉండదు.

విలేకరులను తిట్టడం తేలిక. మా వైపు ఒక ఊరిని "నిర్వాసితులు ఖాళీ చేశారు" అని ఒక పేపరు రాసింది. ఆ రోజు ఆ ఊళ్ళో మేము పెళ్ళిలో ఉన్నాం, డోలు మోగుతున్నది. కోపంగా పోయి మండలం విలేకరిని పట్టుకున్నాం. అతను తన ఫోన్ తెరిచి చూపించాడు. "మాస్టారూ, నేను పంపింది పన్నెండు లైన్లు. సగం కుటుంబాలే పోయాయి, మిగతావాళ్ళు డబ్బు అందలేదని ఉన్నారని రాశాను. వచ్చింది నాలుగు లైన్లు." అతనికి నెల జీతం లేదు. లైన్లను బట్టి ఇచ్చే నాలుగు రూపాయలు, ఆగస్టు పదిహేనుకు తెచ్చిన ప్రకటనల మీద కమీషను. అదే మండలంలో కాంట్రాక్టరు దగ్గరే ఆ ప్రకటన అడగాలి, అదే కాంట్రాక్టరు రోడ్డు గురించి రాయాలి. అతనితో కలిసి టీ తాగి వచ్చాం.

వచ్చి ఊరుకోలేదు. సంపాదకుడికి ఉత్తరం రాశాం: ఏ తేదీ, ఏ పేజీ, ఏ వాక్యం తప్పు, ఎన్ని ఇళ్ళలో పొయ్యి వెలుగుతున్నది, ఇళ్ళ యజమానుల సంతకాలు. ఇది తెలుసుకోండి తమ్ముళ్ళూ. పేపరు తప్పు రాస్తే ముందు సంపాదకుడికే రాయాలి. అక్కడ పని జరక్కపోతే దినపత్రిక విషయంలో రెండు నెలల్లోపు ప్రెస్ కౌన్సిల్‌కు ఫిర్యాదు పంపవచ్చు. కౌన్సిల్ జరిమానా వేయలేదు, జైలుకు పంపలేదు, మందలించగలదు. టీవీ దాని కిందికి రాదు. మా ఉత్తరానికి పద్దెనిమిదో రోజున జిల్లా పేజీలో ఒక మూల మూడు లైన్ల సవరణ వచ్చింది. తప్పు వార్త సైజు కూడా లేదు. అయినా ఆ ఊరివాళ్ళు దాన్ని కత్తిరించి, ఆర్డీవో ఆఫీసుకు పోయినప్పుడల్లా పాసుపుస్తకంతో పాటు పట్టుకుపోతున్నారు.

ఇప్పుడు మా బడి వరండాలో శనివారం రెండు పేపర్లు పక్కపక్కన అంటిస్తాం. ఒకే సంగతి మీద రెండు వార్తలు. పిల్లలు ఎర్ర పెన్సిలుతో గీతలు గీస్తారు. "తెలిసింది", "సమాచారం", "వర్గాలు చెబుతున్నాయి" అన్నచోట ఒక గీత, ఎందుకంటే అక్కడ చెప్పిన మనిషి లేడు. అంకె ఉన్నచోట సున్నా చుట్టి, ఆ అంకె ఎవరిచ్చారో పక్కన రాస్తారు. వార్తలో మాట్లాడినవాళ్ళ పేర్లు ఒక వరసలో, ఆ వార్త ఎవరి మీద పడుతుందో వాళ్ళ పేర్లు ఇంకో వరసలో. చాలాసార్లు రెండో వరస ఖాళీ.

కిందటి వర్షాకాలం ఒక పిల్ల నల్లబల్ల మీద రోజూ భద్రాచలం అడుగులు రాసేది. ఎవరూ చెప్పకుండానే దాని పక్కన ఇంకో గడి గీసింది. 38 అడుగులు, మా వాగు మీద దారి ఉంది. 41 అడుగులు, దారి లేదు, అమ్మ సంతకు పోలేదు.