అమ్మకు ఇల్లు వెతకడం

మనవాళ్ళు ‘రెస్ట్ హోమ్’ అనే మాటను గొంతు తగ్గించి అంటారు. గుడిలో ఎవరైనా అడిగితే “అమ్మ తమ్ముడి దగ్గరే ఉంది” అని మాట మార్చేస్తారు. మా అమ్మ ఏడు నెలలుగా దక్షిణ ఆక్లండ్‌లో ఒక రెస్ట్ హోమ్‌లో ఉంది. ఆ ఇంటిని ఎలా వెతికామో చెబితే, రేపు ఈ పని మీద పడేవాళ్ళకు కొంత దారి తెలుస్తుందని రాస్తున్నాను. నాది గుడి తరగతుల్లో నేర్చుకున్న తెలుగు, అందుకే మామూలు మాటల్లోనే చెబుతాను.

అమ్మకు 84 ఏళ్ళు. ఫీజీలో బా పట్టణం దగ్గర చెరకు పొలాల మధ్య పుట్టింది. ఆమె తాత విశాఖపట్నం జిల్లా నుంచి గిర్మిట్ మీద వచ్చాడు. మద్రాసు రేవు నుంచి ఫీజీకి ఓడలు మొదలైంది 1903లో. ఆ తరువాత వచ్చిన ఓడల్లో ఒకదానిలో ఆయన వచ్చాడు. మా పొలం లీజు తీరిపోయాక 2001లో అమ్మ ఆక్లండ్ వచ్చి, మా పిల్లల్ని, తమ్ముడి పిల్లల్ని పెంచింది. మూడేళ్ళ క్రితం మతిమరుపు మొదలైంది. ఎడ్లకు గడ్డి వెయ్యాలని రాత్రి రెండు గంటలకు చెప్పులు లేకుండా వీధిలోకి వెళ్ళేది. పోలీసులు రెండుసార్లు ఇంటికి తెచ్చి దింపారు. తమ్ముడు, మరదలు షిఫ్టు పనివాళ్ళు. నాకు బడి ఉంది.

మొదటి మెట్టు ఫ్యామిలీ డాక్టర్. ఆయన చీటీ మీద అవసరాలను అంచనా వేసే సేవ నుంచి ఒకరు ఇంటికి వస్తారు. ఆ సేవను ఇక్కడ అందరూ ‘నాస్క్’ అంటారు. ‘ఇంటర్‌రాయ్’ అనే పద్ధతిలో చాలా ప్రశ్నలు అడిగి, ఏ స్థాయి సంరక్షణ కావాలో తేలుస్తారు. స్థాయిలు నాలుగు: రెస్ట్ హోమ్, ఆసుపత్రి, డిమెన్షియా, మానసిక వైద్యం కూడా అవసరమైన వృద్ధుల విభాగం. ఇక్కడ ఒక మాట గుర్తుంచుకోండి. ఇంగ్లీషులో ఏం అడిగినా మన పెద్దవాళ్ళు “యెస్, ఆల్ గుడ్” అంటారు. పాఠం అర్థం కాని పిల్లలూ అంతే, నాకు రోజూ కనిపిస్తుంది. మేము దుబాసీని అడిగాం. మన ఫీజీ హిందీలో అడిగితే అమ్మ నిజం చెప్పింది: స్నానానికి భయమట, పొయ్యి ఎలా ఆర్పాలో తెలియడం లేదట.

అమ్మకు డిమెన్షియా స్థాయి ఇచ్చారు. అంటే తలుపుకు తాళం ఉండే చోటు. తమ్ముడు అక్కడే ఆగిపోయాడు. “అమ్మను తాళంలో పెడతామా అక్కా?” అన్నాడు. రెండు వారాలు నాతో సరిగా మాట్లాడలేదు. అలాంటి చోట చేర్చాలంటే ఆమె తరఫున ఒప్పుకొనే చట్టబద్ధమైన అధికారం ఎవరికో ఒకరికి ఉండాలి. అమ్మ మంచి మతిలో ఉన్నప్పుడే లాయరు దగ్గర ఎండ్యూరింగ్ పవర్ ఆఫ్ అటార్నీ మీద సంతకం చేసింది. ఆమె ఇక సొంతంగా నిర్ణయించుకోలేదని డాక్టర్ రాసి ఇచ్చాక అది అమల్లోకి వచ్చింది. ఆ కాగితం లేకపోతే ఫ్యామిలీ కోర్టుకు వెళ్ళాల్సి వచ్చేది. మీ ఇంట్లో పెద్దలుంటే ఈ ఒక్క పని వాయిదా వెయ్యకండి.

డబ్బు సంగతి. 65 ఏళ్ళు దాటినవాళ్ళు ప్రభుత్వ సబ్సిడీకి వర్క్ అండ్ ఇన్‌కమ్‌లో దరఖాస్తు చేసుకోవచ్చు. వాళ్ళు ఆస్తి, ఆదాయం రెండూ చూస్తారు. ఆస్తి పరిమితి ఏటా జులై 1న మారుతుంది. సబ్సిడీ వస్తే పెద్దవాళ్ళ పెన్షన్‌లో ఎక్కువ భాగం హోమ్‌కే పోతుంది, చేతి ఖర్చుకు కొంచెం మిగులుతుంది. సొంత బాత్‌రూమ్ లాంటి వాటికి కొన్నిచోట్ల అదనంగా అడుగుతారు. సంతకం పెట్టేముందు ఒప్పందంలో ఆ పేజీ చదవండి.

ప్రతి హోమ్ తనిఖీ నివేదిక ఆరోగ్య శాఖ వెబ్‌సైట్‌లో ఉంటుంది. గుర్తింపు ఎన్నేళ్ళకు ఇచ్చారో చూడండి. తక్కువ ఏళ్ళకే ఇస్తే ఎందుకో అడగండి. తరువాత చెప్పకుండా వెళ్ళండి, అదీ భోజనం వేళకు. మేము మూడు చూశాం. మొదటిదానిలో హోటల్ లాంటి హాలు, చేపల తొట్టి. అక్కడ ఒక గదిలో పిలుపు గంట మోగుతూనే ఉంది, పది నిమిషాలైనా ఎవరూ రాలేదు. రెండోచోట శాకాహారం అంటే ఉడికించిన బంగాళాదుంపలు. మూడోచోట కార్పెట్ పాతది, గోడల రంగు వెలిసింది. కానీ ఒక కేర్‌గివర్ మోకాళ్ళ మీద కూర్చుని, ముసలాయన కళ్ళలోకి చూస్తూ అన్నం తినిపిస్తోంది. ఇద్దరు కేర్‌గివర్లు మన ఫీజీ పిల్లలే. ఇంటి నుంచి పప్పు, రోటీ తెచ్చుకోవచ్చు. దేవుడి పటం పెట్టుకోవచ్చు, దీపం మాత్రం బ్యాటరీది. లోపల చుట్టూ గోడ ఉన్న తోటలో ఎంతసేపైనా నడవొచ్చు. ఆ తోట చూశాక తమ్ముడు, “ఇక్కడైతే నడుస్తుంది” అన్నాడు. అదే ఎంచుకున్నాం.

ఇక భాష. అమ్మ ఇంగ్లీషు ముందే పోయింది, ఇప్పుడు ఫీజీ హిందీ కూడా జారిపోతోంది. చిన్నప్పుడు వాళ్ళమ్మ మాట్లాడిన తెలుగు మాత్రం పైకి వస్తోంది. నన్ను అక్కా అని పిలుస్తుంది. ఆ ఇంట్లో తెలుగు వచ్చినవాళ్ళు ఒక్కరూ లేరు. అందుకని నీళ్ళు, ఆకలి, చాలు, నొప్పి, చలి, భయం లాంటి ఇరవై మాటలు ఇంగ్లీషు అక్షరాల్లో రాసి మంచం పక్కన అతికించాను. 1996 నుంచి ఈ దేశంలో రోగుల హక్కుల నియమావళి ఉంది. మన ఆచారం, నమ్మకం గమనించి చూసుకోవడం, మనకు అర్థమయ్యేలా మాట్లాడడం అందులో హక్కులు. మొహమాటపడకుండా అడగండి.

“అమ్మను వదిలేశారా?” అని పిన్ని ఫోన్‌లో అడిగింది. లేదు పిన్నీ, వారంలో నాలుగు రోజులు వెళ్తున్నాం, ఇప్పుడు అలసిపోకుండా కూర్చుని మాట్లాడుతున్నాం అన్నాను. ఆ ఇరవై మాటల కాగితం గుడి తరగతిలో నా దగ్గర ఉంది. కావలసినవాళ్ళు శనివారం వచ్చి తీసుకోండి. మీ పెద్దలు వాడే మాటలు ఇంకేమైనా ఉంటే చెప్పండి, చేరుస్తాను.