విల్లీస్ జీపుకి తొలి ఆయిల్ మార్పు

రెండో ప్రపంచ యుద్ధం నాటి విల్లీస్ ఎంబీ జీపు చేతికొచ్చాక ముందు చూడాల్సింది రంగు కాదు, ఇంజన్ కింద ఆయిల్ ఉండే చాంబర్. ఇంజన్ వేడెక్కేదాకా నడిపి, అడుగున డ్రెయిన్ నట్టు విప్పితే నల్లటి ఆయిల్ ధారగా దిగుతుంది. అంతటితో పనైపోయిందనుకుంటే పొరపాటే.

2.2 లీటర్ల ఆ ఇంజన్లో ఆయిల్ పీల్చే జల్లెడ తేలుతూ ఉంటుంది. పైనున్న శుభ్రమైన ఆయిలే పంపుకి అందాలని ఆ రోజుల్లోనే చేసిన ఏర్పాటది. ఎంత ముందుచూపు! మడ్డి మాత్రం అడుగున పేరుకుంటుంది. ఫిల్టరేమో బైపాస్ రకం, ఆయిల్లో కొంత భాగమే దాని గుండా వెళ్తుంది.

అందుకే తొలిసారి చాంబరే దించి, వేలికి జిగటగా అంటుకునే ఆ మడ్డిని గోకి, కిరోసిన్‌తో కడిగి, కొత్త ప్యాకింగ్ వేయడం మేలు. తర్వాత ఎస్‌ఏఈ 30 ఆయిల్, ఫిల్టర్‌తో కలిపి సుమారు 4.7 లీటర్లు.

స్టార్ట్ చేశాక ఆయిల్ ప్రెషర్ ముల్లు లేవాలి. లేవకపోతే వెంటనే ఇంజన్ ఆపేయాలి.