రేపు లేహ్ దారిలో

మనాలి గదిలో నేలంతా మా సామానే. విమానం కోసం విప్పిన సైకిల్ పెడళ్లని ఆయన మళ్లీ బిగిస్తున్నారు. ఎడమ పెడల్‌ మర తిరగేసి ఉంటుంది, ఎడమకు తిప్పితేనే బిగుస్తుంది. తొక్కేకొద్దీ వదులై ఊడిపోకుండా అలా చేస్తారట. ఎంత ముందుచూపు!

దారి 400 కిలోమీటర్లకు పైమాటే. మొదట రోహ్‌తంగ్ కనుమ, 3,978 మీటర్లు. తర్వాత బారాలాచా. లేహ్ చేరబోయే ముందు తంగ్‌లంగ్ లా, 5,328. అక్కడ గుక్కెడు గాలిలో అందే ఆక్సిజన్‌ సముద్రతీరంలో అందేదానిలో దాదాపు సగమే. అందుకే బరువు గురించి ఇంత వాదన. "రెండో స్వెట్టర్ ఎందుకే?" అంటారు. బెజవాడ ఎండల్లో పెరిగినదాన్ని, అది మాత్రం వదలను. ఆవకాయ సీసా తీసేసి కందిపొడి పెట్టాను.

ఆయన్ని నేను అడిగింది ఒక్కటే. తలనొప్పి, వాంతి, ఏది మొదలైనా దాచకూడదు. పట్టుదలతో ఎక్కేస్తే ఆ ఎత్తులో ప్రాణం మీదికి వస్తుంది. ఒకరికి బాగోలేకపోతే ఇద్దరం కిందికి దిగుతాం. "సరే, నువ్వూ దాచకు" అన్నారు. నాకు అదే పెద్ద ధైర్యం.

ఇంకా బ్రేకులు చూడాలి. అత్తయ్యకి ఫోన్ చేయాలి, కేలాంగ్ దాటాక చాలాచోట్ల సిగ్నల్ ఉండదు.