నాలుగు స్వరాల లవంగి

స... రి... మ... ధ... అంతే! మళ్లీ పై షడ్జం. గాంధారం లేదు, పంచమం లేదు, నిషాదమూ లేదు. ఏడు మెట్ల మేడకి మూడు మెట్లు ఊడదీసి 'ఇప్పుడెక్కండి చూద్దాం' అన్నట్టుంటుంది ఆ వరస. దాని పేరు లవంగి. అందులో కట్టిన పాట 'ఓంకారాకారిణీ'. కట్టిందీ, పాడిందీ మంగళంపల్లి బాలమురళీకృష్ణ.

విజయవాడ సత్యనారాయణపురంలో ఉండే ఓ రిటైర్డ్ లెక్కల మాస్టారికి ఈ పాటంటే ముప్ఫై ఏళ్లపాటు ఒళ్లు మంట. అలాగని బాలమురళి అంటే గిట్టక కాదు. పొద్దున్నే రేడియోలో భక్తిరంజని పెడితే తప్ప కాఫీ గొంతు దిగని తరం ఆయనది. ఆ గొంతంటే ప్రాణం. ఈ ఒక్క పాట దగ్గరే పేచీ.

1980లలో ఓ దసరాకి ఇంట్లో పేరంటం జరుగుతోంది. అమ్మవారి పాట కదా అని తమ్ముడు 'ఓంకారాకారిణీ' ఎత్తుకున్నాడు. పల్లవి పూర్తయిందో లేదో, 'నాలుగు స్వరాలకి రాగమేంట్రా? ఆపు!' అన్నారు మాస్టారు, అందరిలో. తమ్ముడు ఆపేశాడు. ఆ తర్వాత అన్న ఎదుట ఆ పాటే కాదు, ఏ పాటా పాడలేదు.

రూలు ఏమంటోంది?

మాస్టారి అభ్యంతరం ఆయన సొంతం కాదు. ఏడు స్వరాలుంటే సంపూర్ణం, ఆరైతే షాడవం, అయిదైతే ఔడవం... సంగీతం నేర్చుకునే పిల్లలకి మొదట్లోనే చెప్పే లెక్క ఇది. అయిదుకి తగ్గితే రాగం కాదన్న మాట కూడా పాతదే. మతంగుడి 'బృహద్దేశి'లోనే ఉంది. నాలుగు స్వరాలతో పాడుకునేది శబరులు, పుళిందుల వంటివారని చెప్పి, ఆ పాటల్ని శాస్త్రం గడప బయటే ఉంచేశారు. 1980లలో వీణ విద్వాంసుడు ఎస్.బాలచందర్ అయితే, రాగాలు సృష్టించానని బాలమురళి చెప్పుకోవడాన్నే బహిరంగంగా ప్రశ్నించారు. సంగీత లోకం రెండుగా చీలి వాదించుకుంది.

కానీ రూలు తప్పిన మనిషికి రూలు తెలియదా? బాలమురళి పుట్టింది 1930లో, ఇప్పటి కోనసీమ జిల్లాలోని శంకరగుప్తంలో. పెరిగింది, నేర్చుకున్నది విజయవాడలో... త్యాగరాజస్వామి శిష్యపరంపరకు చెందిన పారుపల్లి రామకృష్ణయ్య పంతులు దగ్గర. నూనూగు మీసాల వయసులోనే 72 మేళకర్తల మీద పట్టు సాధించి, ఒక్కో రాగంలో ఒక్కో కీర్తన రాశారు. బెజవాడ ప్రభుత్వ సంగీత కళాశాలకి తొలి ప్రిన్సిపాల్ ఆయనే. అంటే నిండుగా వండి వడ్డించడం చేతకాక నాలుగు స్వరాలతో సరిపెట్టుకున్న బాపతు కాదు. అన్నీ రుచి చూపించాక, ఎన్ని తీసేసినా పాట నిలబడుతుందో చూడాలన్న తిక్క!

లవంగి ఒక్కటే కాదు. స, గ, ప, ని లతో 'మహతి' చేశారు. 1975లో వచ్చిన తమిళ సినిమా 'అపూర్వ రాగంగళ్'లో ఎం.ఎస్.విశ్వనాథన్ ఆ రాగం అందుకుని ఏసుదాసు చేత పాడించారు. సినిమా హాల్లో కూర్చున్న జనం స్వరాలు లెక్కపెట్టలేదు. పాట విన్నారు.

ఇంచుమించు ఆ రోజుల్లోనే ఇంగ్లండులో రాక్ బృందాలకీ ఇలాంటి తిక్కే పట్టింది. మూడు నాలుగు నిమిషాల పాట చాలదనిపించింది వాళ్లకి. 1971లో పింక్ ఫ్లాయిడ్ 'ఎకోస్', 1972లో జెనెసిస్ 'సపర్స్ రెడీ' అని ఇరవై మూడేసి నిమిషాల పాటలు చేశారు. ప్రోగ్రెసివ్ రాక్ అన్న పేరు స్థిరపడింది. కొందరు నెత్తిన పెట్టుకున్నారు, కొందరు 'పాటా, పరీక్షా?' అని విసుక్కున్నారు. వాళ్లు సాగదీసి తిట్లు తింటే, మన బాలమురళి కుదించి తిన్నారు.

తాటిపట్టె మీద నడక

2016 నవంబరు 22. బాలమురళి చెన్నైలో కన్నుమూశారని టీవీలో వార్త. ఆ రాత్రి మాస్టారికి నిద్రపట్టలేదు. ఫోన్లో ఒక్కో పాటా వింటున్నారు. ఒకటి అవగానే తనంతట తనే ఇంకోటి మొదలైంది. లవంగి! ఆపేద్దామని వేలు పెట్టి, ఎందుకో ఆగిపోయారు.

హార్మోనియం మెట్ల మీద చూస్తే ఈ పాటలోని తమాషా తెలుస్తుంది. స పక్క మెట్టే రి. రెండూ ఒకదాన్నొకటి ఆనుకునే ఉంటాయి. అక్కణ్నుంచి ఒక్కసారిగా మూడు మెట్లు వదిలేసి నాలుగో మెట్టు మీద మ. దానికి మూడో మెట్టు ధ. మళ్లీ నాలుగో మెట్టుకి పై స. పంటకాలవ దాటడానికి వేసిన తాటిపట్టె మీద నడిచినట్టే. పట్టుకోడానికి పక్కన కర్ర లేదు. అలిసిపోతే నిలబడ్డానికి పంచమం లేదు. అయినా ఆ గొంతులో తడబాటు లేదు, తొందరా లేదు. మ నుంచి ధకి వెళ్తుంటే మన చెవి 'ఇప్పుడు ప వస్తుంది' అని ఎదురుచూస్తుంది. రాదు. ఆ రానిదాని కోసం మరింత శ్రద్ధగా వింటాం.

మాస్టారు ముప్ఫై ఏళ్లు లెక్కపెట్టింది ఉన్న స్వరాల్ని. ఆ రాత్రి విన్నది వాటి మధ్య ఖాళీల్ని. అది రాగమా కాదా అన్న సంగతి ఆయనకి అప్పటికీ తేలలేదు. తేలనక్కర్లేదనిపించింది. అందరిలో ఆపించిన ఇంకో గొంతే గుర్తొస్తోంది.

తెల్లారగానే బందరుకి ఫోన్ చేశారు.

'ఒరే, ఆ పాట ఓసారి పాడరా.'

'ఏ పాట అన్నయ్యా?'

'నేనాపించింది.'

కాసేపు అటునుంచి ఏమీ వినిపించలేదు. తర్వాత గొంతు సవరించుకుంటున్న చప్పుడు.