మా యింటి కత్తి

వంటయింట దినమునకు ఎన్నిమార్లో మన చేతికి వచ్చు వస్తువు కత్తి. అయినను దానినిగుఱించి యోచించువారు మనలో మిక్కిలి యరుదు. మొక్కవోయినచో మూలకు త్రోయుదుము; సంతలో మఱియొకటి కొందుము. మేమును అట్టివారమే. మా చిన్నమఱది తన చేతులార నొక కత్తి చేసి యిచ్చిన పిదపగాని ఉక్కు పుట్టుక యెట్టిదో మాకు తెలియలేదు. ఆ కత్తితో మా యింటి కథయు కొంత పెనవేసికొనియున్నది గనుక రెంటిని కలిపియే చెప్పుదుము.

మావారు నిజామాబాదు జిల్లాలో నొక పల్లెయందు ఉపాధ్యాయులు. అత్తగారు గతించునాటికి చిన్నమఱది యేడేండ్లవాడు. అతనిని మేమే పెంచితిమి. మాకతడు మఱది యనుటకంటె పెద్దకొడుకనుటయే తగును. ఎలక్ట్రానిక్సు ఇంజనీరింగు రెండేండ్లు చదివి, మూడవయేట పెట్టె సర్దుకొని యింటికి వచ్చి, "వదినా! నాకా చదువు అబ్బలేదు. కమ్మరితాత కొలిమిలో పని నేర్చుకొందును" అనెను. మావారు విని, విస్తరిలోని యన్నము ముగించి, మాటాడక లేచిపోయిరి. నాటినుండి నాలుగుమాసములు తమ్మునితో పలుకలేదు. ఒకే చూరుక్రింద నుండియు నిద్దఱి మాటలును మా ద్వారమున నడచుచుండెను. "వానిని భోజనమునకు రమ్మనుము" అని వీరు; "అన్నయ్యకు దగ్గు తగ్గినదా?" అని యతడు. చుట్టుప్రక్కలవారు, "ఇంత చదివించి కొలిమికి పంపితిరా?" అని మమ్మడిగిరి. మా పెంపకములోనే లోపమున్నదేమోయని మేము రాత్రులు కంటనీరు పెట్టుకొంటిమి.

మేము బడికి పోయినవారము కాము. తాతగారియొద్ద భారతభాగవతములు చదువుకొంటిమి. ఒకనాటిరాత్రి ధైర్యము తెచ్చుకొని మావారితో, "విరాటపర్వమున భీముడు వంటవాడు కాలేదా? నకులసహదేవులు గుఱ్ఱములను గోవులను కాయలేదా? చేతిపని చేసినంతనే వారి గౌరవమునకు కొఱత కలిగెనా?" అంటిమి. వారు దీపమార్పుచు, "వారు దాగియుండి యొక్కయేడు చేసిరి. వీడు పట్టపగలు, బ్రతుకంతయు చేయుదునని కూర్చున్నాడు" అనిరి. ఆ మాటకు నవ్వువచ్చినను నవ్వలేకపోతిమి.

కొలిమి మా వీధిచివరనే యున్నది. ఒకప్పుడు నాగటికఱ్ఱులు, కొడవళ్లు, గొడ్డళ్లు చేయించుకొనువారితో నిండియుండెడిదట. ట్రాక్టరు వచ్చిన పిదప ఆ సందడి తగ్గినది. మేము మజ్జిగ తీసికొనిపోయినపుడు తాత, "అమ్మా! పిల్లవానికి చేయి కలదు. కన్ను ఇంకను రాలేదు" అనెను. కాగిన ఇనుము రంగునుబట్టి దాని వేడిని గుర్తించు నేర్పునకు వారు కన్ను అందురు.

మఱది మనసును పట్టుకొన్నది మా ప్రాంతపు పాతయుక్కు. మా జిల్లాలోనే కోనసముద్రమను గ్రామము కలదు. పూర్వమచట మూసయుక్కు చేసెడివారు. ఇనుపముక్కలను, అంగారము నిచ్చు వస్తువులను మట్టిమూసలో నుంచి, మూత బిగించి, పగలు రేయి కొలిమిలో కాల్చి, మెల్లమెల్లగా చల్లార్చుదురు. ఆ యుక్కుముద్దను మితమైన వేడిమితో సాగగొట్టి కత్తిచేసినచో దానిపై నీటియలలవంటి చారలు తేలును. 1820 ప్రాంతములలో నచటికి వచ్చిన హెన్రీ వాయిసీ యను వైద్యుడు ఈ పనిని కన్నులార చూచి వ్రాసిపెట్టెను. పారశీకదేశపు వర్తకుడొకడు ఉక్కు కొనుటకై ఆ గ్రామమున నుండుటయు నతడు చెప్పినాడు. పాశ్చాత్యులు దీనికి "ఊట్జు" అని పేరిడిరి. అది మన "ఉక్కు" శబ్దమునకు వికృతియని పలువురి మతము. ఫారడే యంతటి శాస్త్రజ్ఞుడు 1820 ప్రాంతముననే దీనిపై పరిశోధనలు చేసెను. ఖనిజములో లేశమాత్రముగనున్న వనాడియము వంటి లోహములే ఆ చారలకు హేతువులని 1998లో అమెరికా పరిశోధకులు ప్రకటించిరి. అట్టి ఖనిజము తఱిగిపోగా, అవే చేతులు అదే పని చేసినను చార తేలక, ఆ విద్య క్షీణించియుండునని వారి యూహ.

మూసయుక్కు చేయగల కొలిమి తాతయొద్ద లేదు. కనుక మఱది పొరలయుక్కు పూనుకొనెను. ఇది వేఱు మార్గము. మూసయుక్కులో చార లోపలనుండి తనంత పుట్టును. పొరలయుక్కులో రెండుజాతుల యుక్కును కలిపి మనము పుట్టింపవలెను. కలపకోత మిల్లులో విఱిగిన రంపపుపట్టీ యొకటి, తాత అరగదీసిన ఆకురాళ్లు కొన్ని తెచ్చెను. ఆ పట్టీలో నికెలు కలదు, ఆకురాళ్లలో లేదు. ఒకదానిపై నొకటి మార్చి మార్చి యెనిమిది పలుకలు పేర్చి, కాల్చి, వెలిగారము చల్లెను. వెలిగారము కరగి ఇనుపపొట్టును తొలగించును. పొట్టు మిగిలినచో పొరలు అతుకవు. పసుపురంగు దాటి తెలుపెక్కుచుండగా తీసి, దాగలిపైనుంచి, సమ్మెటతో కొట్టవలెను. తక్కువకాగిన అతుకదు, ఎక్కువకాగిన ఉక్కే మండి రవ్వలై రాలును. ఒకటియైన ముద్దను సాగదీసి, రెండుగా కోసి, మరల పేర్చి యతికిన ఎనిమిది పదునాఱగును. ఇట్లు నాలుగుమార్లు చేయగా నూటయిరువదియెనిమిది పొరలయ్యెను.

జానెడు అలుగు సిద్ధమైనది. దానిని కాల్చి నీటిలో ముంచినపుడు మేమచటనే యుంటిమి. గాజుగాజు తాకినట్లు సన్నని చప్పుడయ్యెను. తాత కన్నులు మూసికొనెను. అలుగు అంచునుండి వెన్నువఱకు పగిలినది. ఇఱువదిదినముల శ్రమ! మఱది ఆ రాత్రి భోజనము చేయలేదు. "ఎందుకు తినడు?" అని మావారడుగగా జరిగినది చెప్పితిమి. వారు చాలసేపు పుస్తకమువైపే చూచుచు, "మితిమీఱి కాల్చియుండును. ఇనుము సుమారు 770 డిగ్రీలు కాగినచో అయస్కాంతమున కంటదు. ఆ గుఱుతును దాటి కొంచెమే కాల్చి, నీటిలో గాక నూనెలో ముంచవలెను. వానితో చెప్పుము" అనిరి. మఱునాటి యుదయమున మేము ముగ్గువేయ లేచినపుడు మఱది చెప్పులమీద నొక అయస్కాంతము కనబడినది. అది మావారు పిల్లలకు పాఠము చెప్పుటకు కొనుక్కొన్నది.

మఱల పొరలు పేర్చుట, మఱల అతుకుట. ఈమారు మేము మూడుకిలోల వేరుసెనగనూనె యిచ్చితిమి. ఆ నెల మా యింట అప్పడములు వేగలేదు. అలుగు పగులలేదు, ఆకురాయితో గీచిన జాఱిపోవునంత గట్టిపడినది. కాని అట్టి యుక్కు గాజువలె పెళుసు. పిల్లలకు కేకులు కాల్చు మా విద్యుత్పొయ్యిలో 200 డిగ్రీలయొద్ద రెండేసిగంటలు రెండుమార్లుంచగా ఆ పెళుసుతనము తగ్గినది.

చార కనబడవలెనన్న అలుగును నునుపుచేసి ఫెర్రిక్ క్లోరైడు ద్రావకములో నుంచవలెను. రాగిరేకులపై విద్యున్మార్గములు చెక్కుటకు కళాశాలలో నతడు వాడినదియు ఆ ద్రావకమే. "వదినా! ఆ చదువు బొత్తిగా వ్యర్థముకాలేదు" అని నవ్వెను. చేతులకు తొడుగులు వేసికొని ముంచి, తీసి, వంటసోడా నీటితో కడిగెను. నికెలున్న పొర వెండివలె నిలిచినది, లేనిది నల్లబడినది. కొండవాగు ఇసుకపై విడిచిన గీతలవలె నా తెలుపునలుపులు అలుగంతయు ప్రాకియున్నవి.

పిడికై యతడు ఆఫ్రికాదేశపు నల్లకొయ్యను తెప్పింపదలచి ఫోనులో వెదకుచుండెను. దాని వెలకు మాకు నెలబియ్యము వచ్చును. మేము అటుకయెక్కి అత్తగారి రోకలి దించితిమి. పిండిమర వచ్చినదిమొదలు అది పనిలేక యొకకొన చీలిపడియున్నది. చండ్రకొయ్య, తాంబూలములోని కాచు ఆ చెట్టు చేవనుండియే వచ్చును. కోయగా లోపల ముదురెఱుపు! గట్టిదనమునకు రంపపుపండ్లు రెండుమార్లు మొక్కవోయెను. రెండు చెక్కలు చేసి, ఇత్తడిమేకులతో బిగించి, అవిసెనూనె పూసెను.

ఆ సాయంకాలము కత్తిని పీటపైనుంచి యతడు లోపలికి పోయెను. మావారు బడినుండి వచ్చి చేతికి తీసికొనిరి. అలుగును వెలుతురున కెత్తి చూచిరి. పిడిని బొటనవ్రేలితో నిమిరి, "ఇది అమ్మ రోకలి గదా!" అనిరి. మేము తలయూపితిమి. కొంతసేపటికి గదివైపు తిరిగి, "ఒరే! పిడి లావైనది. మీ వదిన చేయి చిన్నది" అనిరి. లోపలినుండి, "తగ్గింతును అన్నయ్యా" అని వినబడినది. నాలుగుమాసములలో అదియే మొదటిమాట.

ఇట్టి కత్తి కలవారికి రెండుమాటలు. ఇది తుప్పుపట్టని యుక్కు కాదు. తరిగినవెంటనే కడిగి, పొడిబట్టతో తుడిచి, నూనెచుక్క రాయవలెను. చింతపండు, నిమ్మ, మామిడి తగిలినచో నీలికప్పు డాగులు వచ్చును. మొదట అరటికాయముక్కలు కూడ నల్లబడగా మేము భయపడితిమి. వాడగా వాడగా ఆ డాగులే పొరయై కుదిరి, ముక్కలు నల్లబడుట తగ్గినది. రాత్రి నీటితొట్టిలో విడువరాదు.

నేటికి ఎనిమిదిమాసములైనది. మఱదికి అప్పుడప్పుడు కత్తులు కావలెనని యడుగువారు కలరు, సంపాదన స్వల్పమే. చదువు పూర్తిచేయుమని మావారిప్పటికిని అందురు, చూతమని యతడనును. ఒకప్పుడు గట్టిగనే వాదించుకొందురు. మేము కూర తరుగుచు విందుముగాని, ఆ మాటలను మోయవలసిన పని మాకిపుడు లేదు.