గీడనే, గురూజీ

22 జూలై 2025, మంగళవారం. జైనూర్

బండి పడుకున్నది. క్లచ్ ప్లేట్లు పోయినయట, సామాను రావాలంటే నాలుగు రోజులన్నడు మెకానిక్. నడిచే పోయిన. మీటరు చూసి బడికి ఆరు కిలోమీటర్లని మూడేండ్లుగా చెప్పుకుంటున్న. తారురోడ్డు దిగినంక ఆ ఆరు ఏడైతది, ఎక్కుడు కాడ ఎనిమిదైతది.

నాగలి భుజానేసుకొని ఎదురొచ్చిన పిలగాడిని గూడెం ఎంత దూరమని అడిగిన. తెలువక కాదు, ఆగి ఊపిరి పీల్చుకోవాలె కదా. "గీడనే, గురూజీ" అన్నడు. ఇరవై అడుగులు పోయినంక కట్టెలమోపుతో ఒక ముసలమ్మ. అదే మాట అడిగిన. "ఇంకా శానున్నది, జెర కూసోని పో" అన్నది. ఆమె లెక్కల నా నెత్తిమీద కూడా మోపున్నట్టే.

1943ల మర్లవాయిల మానవశాస్త్రం చదివిన హైమన్‌డార్ఫ్ దొర గోండు పిలగాండ్లకు పంతుళ్ల శిక్షణ మొదలువెట్టినప్పుడు, దానికి పోయినోళ్లకు క్లచ్ ప్లేట్ల బాధ లేకుండె. ఆళ్లు ఎట్ల పోయిండ్రో ఈ అరికాళ్లతోని ఇయ్యాల కొద్దిగ సమజైంది.

18 ఆగస్టు, సోమవారం

వాన. వాగు మీది కల్వర్టు ఒక పక్క కూలింది. మధ్యాహ్న భోజనం బియ్యం ఆటోవాడు ఇవతలి ఒడ్డునే దింపి పోయిండు. రెండు బస్తాలు, ఒక్కోటి యాభై కిలోలు. నీళ్లు మోకాలి కిందికి తగ్గేదాక చూసి గూడెం పటేల్ వెదురు బొంగు తెచ్చిండు. బస్తాను తాళ్లతో కట్టి నడుమ వేలాడగట్టి ముందు నేను, ఎనుక ఆయన.

మొదటి వంద అడుగులు నవ్వులపాలు. నా అడుగు పొడుగు, ఆయనది పొట్టి. బస్తా ఊగుడు, మేము ఊగుడు. "కాలు కలుపు గురూజీ" అన్నడు. కలిపినంక ఊగుడు ఆగింది. ఒకటే కాలు, ఒకటే ఊపిరి. ఆయన గోండిల ఏదో సన్నగ అనుకుంట నడుస్తుండె, నేను దాన్ని పట్టుకొని నడిచిన. బడి ఎప్పుడొచ్చిందో తెలువలే. ఒక్కన్నే ఉత్త చేతులతో పోయిన్నాడు లేనంత తొందరగ వచ్చింది. గడియారం చూస్తే మాత్రం ఆనాటికన్న పావుగంట ఎక్కువే.

24 ఆగస్టు, ఆదివారం

బరువుంటే, తోడుంటే దారి ఎందుకు మారినట్టు కొడతదో పొద్దుందాక ఫోన్ల చదివిన. అమెరికాల వర్జీనియా యూనివర్సిటీల డెన్నిస్ ప్రాఫిట్ అనే ఆయన, ముకుల్ భల్లా కలిసి 1999ల ఒక పరిశోధన అచ్చేసిండ్రు. వీపు మీద బరువైన బ్యాగున్నోళ్లకు గుట్ట ఇంకింత నిటారుగ కొడతదట. 2008ల ఇంకో పరిశోధన: పక్కన దోస్తు నిలబడితే అదే గుట్ట మెత్తబడతదట. నా బియ్యం బస్తా సంగతి వీళ్లకెట్ల తెలిసిందని సంబురపడిన.

అంతలనే ఫ్రాంక్ డర్గిన్ వాళ్లది, 2009ది, కనబడ్డది. బ్యాగుల ఉన్నది కండరాలను కొలిచే యంత్రమని చెప్పి మోపిస్తే, ఆ నిటారుగ కనబడుడు పోయిందట. అంటే పాత పరిశోధనల పిల్లలు గుట్టను చూసి గాదు, సార్లకు ఏం కావాల్నో ఊహించి చెప్పిండ్రని ఆయన వాదన. దీన్ని మాత్రం కొట్టెయ్యలేను. ఏడో ఎక్కం తప్పినోడు నా కనుబొమ్మలు చూసి జవాబు మార్చుకుంటడు.

కని నన్నెవరూ అడగలే కదా. నేను ఎవరి మొఖం చూసి చెప్పిన?

17 అక్టోబర్, శుక్రవారం

గోండుల దండారీ పండుగ రోజులు. మా గూడెపోళ్లు చుట్టాల ఊరికి బయల్దేరిండ్రు. డోళ్లు, వంట సామాను ట్రాక్టర్‌ల రోడ్డు చుట్టు తిరిగి పోయినయి. గుస్సాడీ ఆటగాండ్లు, కుర్రోళ్లు అడ్డదారిన నడక, ఎనుక నేను. నెమలీకల టోపీని కొమ్మలు తాకకుండ ఒక చేత్తో పట్టుకొని వంగి నడుస్తరు. గుస్సాడీ ఆటకు మర్లవాయి కనకరాజుకు పద్మశ్రీ వచ్చిన 2021 సంది ఫొటోలు తీసేటోళ్లు పెరిగిండ్రు గని, ఆ వంగి నడిచే ఫొటో నేనెక్కడ చూడలే.

పోయేటప్పుడు దారి లేనే లేదు. రాత్రి తొమ్మిదికి ఒక్కన్ని మళ్లిన. అదే అడవి, అదే బండరాయి. టార్చ్ వెలుగుల ప్రతి మలుపూ కొత్తగ పుట్టింది.

20 జనవరి 2026, మంగళవారం

పటేల్ కేస్లాపూర్ నాగోబా జాతర నుంచి వచ్చిండు. ఆయన నాగోబాను కొలిచే మెస్రం ఇంటోడు. పుష్యమాసంల గోదావరి నీళ్లకు వాళ్లోళ్లతోని హస్తినమడుగు దాక పోయొచ్చిండు. పోవుడూ వచ్చుడూ చెప్పుల్లేకుండనే. అమాస రాత్రి ఆ నీళ్లతోనే నాగోబా పూజ. ఎన్ని కిలోమీటర్లని అడిగిన. ఏ ఊర్ల పండుకున్నరో, ఎవరింట్ల అంబలి తాగిండ్రో చెప్పిండు. మళ్ల అడిగిన. మళ్ల ఊర్లే చెప్పిండు. మడమ చూపిచ్చిండు, నెర్రెలు వాసినయి.

బియ్యం మళ్ల వాగు ఇవతలనే దిగినయి, కల్వర్టు అట్లనే ఉన్నది. బొంగు ఎత్తేటప్పుడు అలవాటుగ ముందుకు పోబోయిన. ఆయన కాళ్లు చూసి, ఈసారి నువ్వు ముందుండు పటేల్ అన్న. నవ్విండు, ఏమనలే.

ఎక్కుడు మొదలైనంక ఆ నవ్వు సమజైంది. తాడు బొంగు మీద జారుకుంట బస్తా ఎనుకకు వచ్చి నా పొట్టను తాకింది. ఒక చేత్తో దాన్ని ముందుకు నూకుడు, ఇంకో చేత్తో బొంగు పట్టుడు. ఆగస్టుల ఆ బరువంత ఆయన భుజం మీదనే ఉండె. నేను ముందు ఉత్తగ కాలు కలిపిన. దగ్గరైన దారి నా ఒక్కనికే.

సగం ఎక్కుడు కాడ ఆయన తల తిప్పకుండనే అడిగిండు: "గురూజీ, ఎంత దూరమున్నది?"

గీడనే అందామని నోరు తెరిచిన. ఊపిరి అందలే.