ఇంటి ఇంటర్నెట్‌కు కాపలా: ఎంత ఖర్చు పెట్టాలి?



ఈ మధ్య పేరెంట్స్ మీటింగుల్లో మార్కుల సంగతి అయ్యాక తరచుగా వినిపిస్తున్న ప్రశ్న ఒకటుంది. "మేడమ్, ఇంట్లో ఫైర్‌వాల్ పెట్టించమంటున్నారు. చాలా ఖర్చవుతుందట. పెట్టించాలా?" ఆన్‌లైన్ హోంవర్క్ ఇచ్చేది మేమే కాబట్టి, దీనికి జవాబు చెప్పడం కూడా మా బాధ్యతే అనిపించి ఇది రాస్తున్నాను.

ఫైర్‌వాల్ మన స్కూలు గేటు దగ్గరుండే వాచ్‌మన్ లాంటిది. లోపలివాళ్లు పిలిచినవాళ్లను రానిస్తాడు, పిలవకుండా వచ్చినవాళ్లను ఆపుతాడు. మీ అమ్మాయి ఒక వీడియో తెరిస్తే అది లోపలికి వస్తుంది. ఎక్కడిదో తెలియని కంప్యూటర్ తనంతట తాను మీ ఇంట్లోకి రాబోతే ఆగిపోతుంది. ఈ పని చేసే ఫైర్‌వాల్ దాదాపు ప్రతి వైఫై రౌటర్‌లోనూ ముందే ఉంటుంది. కేబుల్ ఆపరేటర్ గోడకు బిగించి వెళ్లిన డబ్బాలో కూడా సాధారణంగా ఉంటుంది. అందుకే కొత్తది కొనేముందు, ఉన్న వాచ్‌మన్ మెలకువగా ఉన్నాడో లేదో చూసుకోవాలి.

2016లో 'మిరాయ్' అనే ప్రోగ్రాం ప్రపంచమంతటా లక్షల సీసీ కెమెరాలను, రౌటర్లను ఆక్రమించింది. అది చేసిన పని చాలా చిన్నది. కంపెనీలు ముందే పెట్టి అమ్మే పాస్‌వర్డ్‌లు సుమారు అరవై దగ్గర పెట్టుకుని, ఒక్కొక్కటీ ప్రయత్నించింది. మార్చని చోటల్లా లోపలికి వెళ్లిపోయింది. ఆ ఏడాది అక్టోబర్ 21న ఆ కెమెరాలతోనే జరిగిన దాడి వల్ల ట్విట్టర్, నెట్‌ఫ్లిక్స్ వంటివి కొన్ని గంటలపాటు చాలామందికి అందలేదు.

ఇది మనకెందుకంటారా? మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఇంటికొకరు హైదరాబాదులోనో, బెంగళూరులోనో, గల్ఫ్‌లోనో, మిలిటరీలోనో ఉంటారు. ఊళ్లో పిల్లల్ని, పెద్దవాళ్లను ఫోన్‌లో చూసుకోవడానికి కెమెరా పెట్టిస్తారు. బొబ్బిలి దగ్గర మా అమ్మావాళ్ల ఇంట్లోనూ మా తమ్ముడు అలాగే పెట్టించాడు. పండక్కి వెళ్లినప్పుడు ఇద్దరం కూర్చుని చూస్తే, కెమెరాకు బిగించినతను వదిలేసిన పాత పాస్‌వర్డే ఉంది. మన పిల్లలు ఆడుకునే వసారా పరాయివాళ్ల ఫోన్‌లో కనిపించే అవకాశం ఉందంటే ఏ తల్లికైనా గుండె ఝల్లుమంటుంది. దాన్ని మార్చడానికి పట్టింది ఐదు నిమిషాలు, ఖర్చు సున్నా.

తర్వాత తమ్ముడు మూలనున్న పాత డెస్క్‌టాప్‌ను ఫైర్‌వాల్‌గా మారుద్దామన్నాడు. దానికి ఓపీఎన్‌సెన్స్, పీఎఫ్‌సెన్స్ అనే మంచి సాఫ్ట్‌వేర్లు ఉచితంగా దొరుకుతాయి. నెట్‌వర్క్ పోర్టులు రెండుంటే చాలు. నేను ఫిజిక్స్ టీచర్‌ను కదా, ముందు కాగితం తీశాను. పదో తరగతి విద్యుత్ పాఠంలోని లెక్కే ఇది. 60 వాట్ల కంప్యూటర్ రోజంతా నడిస్తే నెలకు 43 యూనిట్లు. యూనిట్ 6 రూపాయలనుకుంటే ఏడాదికి మూడు వేలు దాటుతుంది. 10 వాట్ల రౌటర్‌కు నెలకు ఏడు యూనిట్లే. పైగా తుఫాను వస్తే మనకు కరెంటు ఎలా ఉంటుందో తిత్లీ చూసినవాళ్లకు చెప్పక్కర్లేదు. చిన్న రౌటర్‌నైతే మినీ యూపీఎస్ కాసేపు నిలబెడుతుంది. డెస్క్‌టాప్ ఆలోచన అక్కడితో మానేశాం.

మా ఇంట్లో చేసిన పనులు ఇవి, వరుసలో చెబుతున్నాను. రౌటర్ సెట్టింగ్స్ తెరిచే అడ్మిన్ పాస్‌వర్డ్ మార్చాం. ఇది వైఫై పాస్‌వర్డ్ ఒకటే కాకూడదు. కొత్త అప్‌డేట్ వేశాం. డబ్ల్యూపీఎస్‌నూ, బయటినుంచి రౌటర్‌ను తెరిచే రిమోట్ మేనేజ్‌మెంట్‌నూ ఆపేశాం. కెమెరాను, టీవీని గెస్ట్ నెట్‌వర్క్‌లోకి మార్చాం. డీఎన్ఎస్ దగ్గర 1.1.1.3, 1.0.0.3 అని పెట్టాం. ఇది క్లౌడ్‌ఫ్లేర్ సంస్థ 2020 నుంచి ఉచితంగా ఇస్తున్న సేవ. హానికరమైన సైట్లను, పెద్దలకు మాత్రమే ఉద్దేశించిన సైట్లను చాలావరకు తెరుచుకోనివ్వదు.

ఆపరేటర్ డబ్బాలో ఈ సెట్టింగ్స్ మార్చనివ్వకపోతే, దాని వెనక మన సొంత రౌటర్ ఒకటి పెట్టుకోవచ్చు. మామూలు ఇంటికి రెండు వేల లోపు దొరికేది సరిపోతుంది. కాస్త ఆసక్తి ఉన్నవారు 'ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ' అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఎక్కే మోడల్ చూసుకోండి. కంపెనీ అప్‌డేట్లు ఇవ్వడం మానేసినా ఇది రౌటర్‌ను కాపాడుతుంది. ఒకే మోడల్ వేర్వేరు వెర్షన్లలో వస్తుంది కాబట్టి అట్టపెట్టె మీది వెర్షన్ నంబరును వాళ్ల జాబితాతో పోల్చుకున్నాకే డబ్బులివ్వండి. 16 ఎంబీ ఫ్లాష్, 128 ఎంబీ ర్యామ్ ఉంటే నిశ్చింత.

ఇక ఏ ఫైర్‌వాలూ చేయలేని పనులు కూడా చెప్పాలి. ఫోన్‌లో వైఫై ఆపి మొబైల్ డేటా పెడితే మన కాపలా అంతా పక్కకు పోతుంది. ఫోన్‌లో ఓటీపీ అడిగినవాడికి మనమే చెప్పేస్తే ఏ రౌటరూ ఆపలేదు. అలా డబ్బు పోతే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయండి. అలాగే పిల్లలకు తెలియకుండా సైట్లు ఆపకండి. ఎందుకు ఆపుతున్నారో కూర్చోబెట్టి చెప్పండి. భయపెట్టేది ఏదైనా తెర మీద కనిపించినప్పుడు వాళ్లు దాచిపెట్టకుండా ముందు మీ దగ్గరికి రావాలి కదా.

ఈ ఆదివారం మీ అబ్బాయినో, అమ్మాయినో పక్కన కూర్చోబెట్టుకుని రౌటర్ అడుగున ఉన్న స్టిక్కర్ చదవండి. అడ్మిన్ పాస్‌వర్డ్ ఇప్పటికీ అదే అయితే మార్చండి. ఎక్కడైనా ఆగిపోతే మోడల్ నంబరు స్కూల్ డైరీలో రాసి పంపండి. నాకు తెలిసినంతవరకు అదే డైరీలో జవాబు రాస్తాను.